సారెలో పెట్టని బిళ్లలు

నాకు నోరు ఎక్కువని చోడవరంలో మా వీధంతా ఎరుగుదురు. అలాంటి నా నోరు ఆ రెండు వారాలూ పడిపోయింది, మా కోడలు సంధ్యారాణిని చూసి.

పురిటికెళ్లిన పిల్ల, బిడ్డకి మూడో నెలలో చీడికాడ నుంచి సారెతో వచ్చింది. చలిమిడి, అరిసెలు, పసిగుంటకి వెండి మురుగులు. వియ్యపురాలు చిన్నతల్లి ఏ లోటూ చెయ్యలేదు. నెలలు నిండకుండా పుట్టిన మనవరాలు బుగ్గలు నిండి ఉంది. కోడలూ నవ్వుతూనే గడప దాటింది. నాలుగు రోజులు తిరిగేసరికి మనిషి మారిపోయింది. కళ్లు మూతపడవు. మజ్జిగ గ్లాసు పట్టుకుంటే చేతులు వణికి సగం చీర మీదే. వీధిలో చెరుకు లారీ హారన్ కొడితే గుండె పట్టుకుని కూర్చునేది. ఎందుకే ఏడుపంటే "తెల్దత్తా, బయమేస్తంది" అనేది.

అన్నిటికంటే వింత ఇంకొకటి. మంచం ఉండగా, కుర్చీ ఉండగా, వంటింటి మూల గచ్చు మీద చతికిలబడేది. చుట్టూ తలగడలు పెట్టుకునేది. నా పాత నేతచీర ముక్కతో పిల్లని తన ఒంటికి కట్టేసుకుని, అలాగే పాలిచ్చేది. పక్కింటివాళ్లు తొంగిచూసి గాలి సోకిందన్నారు.

మా అబ్బాయి ఉమామహేష్ హడలిపోయాడు. "అమ్మా, దీన్ని కొన్నాళ్లు పుట్టింటికి పంపించేద్దుము. గుంటని మనకాడే ఉంచి డబ్బా పాలు పడదుము. ఏదైనా సేసేస్తే?" అన్నాడు.

ఆ మాట వంటింట్లో ఉన్న కోడలికి వినపడింది. కట్టుకున్న ముడి ఇంకాస్త బిగించుకుంది.

చెరుకు ఆకు పండిపోతే నీళ్లు మారాయా, ఎరువు మారిందా అని అడుగుతాం గానీ చేనుకి దయ్యం పట్టిందనం కదా. వెళ్లి కోడలి పక్కన గచ్చు మీదే కూర్చుని అదే అడిగాను.

"ఒసే, సీడికాడలో తిని ఇక్కడ తినందేటి?"

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "మునగాకు, ఎల్లుల్లి కారం అన్నీ నువ్వెడతన్నావు కదత్తా. పాల బిళ్లలొక్కటే నేవు."

"పాల బిళ్లలేటి?"

పిల్ల ముందుగా పుట్టడంతో పాలు చాలక అక్కడి డాక్టరు రాసిందట. అప్పట్నుంచీ రోజూ వేసుకునేదట. సారె సర్దేటప్పుడు చిన్నతల్లి ఆ అట్టలు తీసి పక్కన పెట్టేసిందట. పసిబిడ్డతో పాటు మందులు పంపితే రోగాన్ని సారె పెట్టినట్టేనని. పాలు బాగానే పడుతున్నాయి కదాని కోడలూ ఊరుకుందట.

వియ్యపురాలికి ఫోన్ చేసి ఆ అట్టలు పట్టుకుని బస్సెక్కమన్నాను. నేనన్న మిగతా మాటలు ఇక్కడ చెప్పను.

చిన్నతల్లి బస్సు దిగగానే ముగ్గురం పిల్లతో సహా మెయిన్ రోడ్డు మీది లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ అట్ట చూసింది, కోడలి నాడి చూసింది, ఈసీజీ తీయించింది.

"ఇది డొంపెరిడోన్. అసలు వాంతులకిచ్చే మందు. పాలు తయారవ్వమని కబురు వెళ్లేది తలలోంచేనమ్మా. ఆ కబురుని ఇది పెంచుతుంది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపేస్తే కొందరికి ఇలా నిద్ర పట్టదు, దడ, వణుకు, భయం వస్తాయి. పిచ్చీ కాదు, గాలీ కాదు. మళ్లీ మొదలెట్టి మెల్లగా తగ్గిద్దాం. ఈలోగా ఒంటరిగా వదలకండి" అంది.

ఆ బిళ్ల అరచేతిలో వేసుకుని చూశాను. కందిబద్దంత ఉంది. ముగ్గురికి పాలిచ్చినదాన్ని, పాలంటే తిన్న తిండిలోంచి దిగుతాయనుకున్నాను. తలలోంచి కబురు వెళ్లడమేమిటి, ఇంత బిళ్ల ఆ కబురుని పెంచడమేమిటి, అది ఆగితే అంత మనిషీ కూలబడడమేమిటి. మన ఒంట్లో మనకి తెలియకుండా ఇంత నడుస్తోందా అని విస్తుపోయాను.

ఆటోలో వస్తూ కోడల్ని అడిగాను. "మరి ఆ మూల కూకోడం, ఆ గుడ్డ కట్టుకోడం ఏటే? అదీ బిళ్ల పనేనా?"

"కాదత్తా. సేతులు వణుకుతన్నాయి కదా, మంచం మీంచైతే పడిపోద్ది. కిందే కూకుంటే ఇంకెక్కడికి పడద్ది? కట్టేసుకుంటే నా సేతులొగ్గేసినా గుంట ఉంటాది."

కన్ను మూతపడని మనిషి, తన చేతుల్ని తానే నమ్మలేని మనిషి, పిల్లకి ఒక్క పూట పాలు తప్పించలేదు. మేమంతా పిచ్చనుకున్న పనే గుంటని కాపాడింది. పక్కన చిన్నతల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆమె కోసం దాచిన తిట్లన్నీ మరిచిపోయి భుజం మీద చెయ్యి వేశాను.

బిళ్ల మళ్లీ మొదలెట్టాక కోడలికి నిద్ర తిరిగొచ్చింది. తర్వాత డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాం. తగ్గించినప్పుడల్లా దడ మళ్లీ తొంగిచూసేది, నేను పక్కనే కూర్చునేదాన్ని. గోవాడ పంచదార ఫ్యాక్టరీ వైపు చెరుకు బళ్లు పల్చబడే నాటికి బిళ్లలు ఆగిపోయాయి. పాలు ఆగలేదు.

బిళ్ల అక్కర్లేని మొదటి పొద్దున కోడలు పిల్లని భుజాన వేసుకుని వీధి గుమ్మం దాకా నడిచింది. వంటింటి మూలన నేతచీర ముక్క పాల వాసన కొడుతూ పడి ఉంది. బండి తుడుచుకోడానికి బాగుంటుందని ఉమామహేష్ తీసుకోబోయాడు.

"ఒగ్గేయ్‌రా" అన్నాను. దాన్ని ఉతికి, ఆరేసి, మడతపెట్టి, బీరువాలో నా పెళ్లి పట్టుచీర మీద పెట్టుకున్నాను.