ముద్ర పడకముందు

అబద్ధాన్ని పట్టుకోవడం నేర్పడానికి నాకొక అబద్ధం కావలసి వచ్చింది. బయటివాళ్ళ ఫోటో పెడితే తప్పని, పెద్ద నీతిమంతురాలిని కదా, మా అన్నయ్యనే అడిగాను. బస్టాండు పక్కన మందుల షాపు అన్నయ్యది. పదిహేడేళ్ళుగా అదే కౌంటరు, అదే స్టూలు.

"నా మొహం కన్నా మంచి మొహం దొరకలేదటే నీకు?" అని నవ్వి, తల దువ్వుకుని మరీ షాపు బోర్డు కింద నిలబడి ఫోటో దిగాడు.

దాని కింద నేనే రాశాను: "ఈ షాపులో గడువు తీరిన పిల్లల సిరప్పులకు కొత్త లేబుళ్ళు అంటిస్తున్నారు. అందరికీ పంపండి." బళ్ళో పాఠాలు చెప్పి చెప్పి చెయ్యి తిరిగినదాన్ని. మహా బాగా కుదిరింది.

ఫోన్లలో తిరిగే తప్పుడు వార్తల మీద నేనిచ్చే ట్రైనింగుకు నలభై మంది వచ్చారు, సగం టీచర్లు, సగం కాలనీ సంఘాల పెద్దలు. ముందు ఫోటోతో ఉన్న మెసేజ్ ఒక్కటే గోడ మీద వేస్తాను. నిజమో కాదో వాళ్ళు రెండు నిమిషాల్లో తేల్చుకోవాలి. తర్వాత మీట నొక్కితే 'అబద్ధం' అని ఎర్ర ముద్ర పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో వెనక వరుసలో ఫోన్లు లేచాయి. పాఠం ఫోటో తీసుకుంటున్నారనుకుని మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సాయంత్రానికి ఆ ఫోటో ఊరంతా తిరిగింది, ముద్ర లేకుండా. మొదట పంపినది ఒక కాలనీ సంఘం అధ్యక్షుడని తెలిసి మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళాను.

"ముద్ర చూశారు కదండీ!"

"చూశానమ్మా, చప్పట్లు కూడా కొట్టాను. అప్పటికే పంపేశాను మరి. పిల్లల విషయం కదా, ముందు జాగ్రత్త."

అబద్ధమని మళ్ళీ పంపమని బతిమాలాను. పాపం, పంపాడు. 'పెద్దాయన్ని ఎవరో బెదిరించారు' అని జవాబులొచ్చాయి.

షాపు మీద రాళ్ళేమీ పడలేదు. జనం రావడం మానేశారు, అంతే. తనిఖీ అధికారులు వచ్చి, సీసా సీసా చూసి, ఏ తప్పూ లేదని కాగితం రాసిచ్చారు. అన్నయ్య దాన్ని అద్దానికి అంటించాడు. "ఏం ముట్టజెప్పాడో! నిప్పు లేనిదే పొగ రాదు," అన్నారు ఎదుటి షాపువాళ్ళు. నన్ను మాత్రం అన్నయ్య ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బావుండేది.

నాలుగు నెలలకు ఇంకో ట్రైనింగు పడింది. తప్పించుకోబోయాను, పైఅధికారులు ఒప్పుకోలేదు. ఏ వార్తయినా మొదట ఎక్కడ పుట్టిందో వెతకమని చెబుతుంటే, ముందు వరుసలో ఒక కొత్త టీచరమ్మ చెయ్యెత్తింది.

"మేడం, ఆ మందుల షాపు మెసేజ్‌ని నేను అలాగే వెతికాను. పదిమందిని అడిగి మొదలు కనుక్కున్నాను."

"ఎక్కడ?"

"ట్రైనింగులోనే, మేడం. టీచర్ల ట్రైనింగులో గోడ మీద వేసి చూపించారట. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మా బడి పిల్లల తల్లిదండ్రులందరికీ చెప్పేశాను."

అమ్మాయి తప్పేమీ లేదు. నేను నేర్పినట్టే చేసింది. ఆ మెసేజ్ రాసింది నేనేనని, అందులో ఉన్నది మా అన్నయ్య అని, అంతా ఉదాహరణ కోసం అల్లినదని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.

"అయ్యో, సొంత అన్నయ్యా మేడం?" అంది ఆ అమ్మాయి, కళ్ళు చెమ్మగిల్లి. "తోడబుట్టినవాడు. వెనకేసుకురాక ఏం చేస్తారు లెండి."

హాలంతా జాలిగా తలూపింది.

సాయంత్రం షాపుకి వెళ్ళేసరికి అన్నయ్య నిచ్చెనెక్కి బోర్డు దించుతున్నాడు. లోపల అరలన్నీ ఖాళీ. జరిగింది చెప్పాను. చేతిలోని మేకు పీకి జేబులో వేసుకున్నాడు.

"ఏమైనా ఆ ఫోటో మాత్రం బాగా పడిందే," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. నిచ్చెన కదలకుండా గట్టిగా పట్టుకున్నాను.