గది బయటి బల్ల

ముసలాయన పేము కుర్చీలు అల్లుతాడు. తోటి పనివాళ్ళు ఆయనకు రేడియో అని పేరు పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన నోటి నుంచి నాలుగు మాటలు రాలితే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టు లెక్క. ఆ పేరు ఆయనకూ నచ్చింది. నచ్చిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ కొన్నేళ్ళకోసారి ఎవరో ఒకరు ఇంటికి వచ్చేవాళ్ళు. చిన్నప్పుడు ఆయన ఇంట్లో బాగానే మాట్లాడేవాడు. బడిలో నోరు విప్పేవాడు కాదు. అటువంటి పిల్లల్ని కొందరిని పిలిచి ఒక పెద్దాస్పత్రి వాళ్ళు వైద్యం చేశారు. మందులూ సూదులూ కాదు, మాటల వైద్యం. ఆ పిల్లలు తర్వాత ఎలా పెరిగారో, ఏం పని చేసుకుంటున్నారో, నలుగురిలో ఎలా మసలుతున్నారో కనుక్కోవడానికి ఇప్పటికీ మనుషుల్ని పంపుతూనే ఉన్నారు. మొదట్లో పంపినవాళ్ళు కొందరు పోయారు కూడా. ప్రశ్నలు మాత్రం పోలేదు.

వచ్చినవాళ్ళందరూ ముందుగా ఒకటే మాట అనేవాళ్ళు. "అప్పుడు అక్కడ మీకేం చేశారో నాకు మాత్రం చెప్పకండి." ఎందుకని ఆయన ఎప్పుడూ అడగలేదు. చెప్పొద్దనే మనిషి దొరకడమే ఆయనకు పెద్ద సుఖం.

ఈసారి మాత్రం ఎప్పుడొస్తారా అని ఆయనే ఎదురుచూశాడు. మనవరాలి కోసం. ఆ పిల్ల ఇంట్లో ఉన్నంతసేపూ వసపిట్టే. ఎవరూ దొరక్కపోతే కుర్చీ కాళ్ళతో మాట్లాడుతుంది. బడి గేటు దాటిందా, పెదాలు కుట్టేసినట్టే. రెండో తరగతికి వచ్చినా టీచరుకు దాని గొంతు ఎలా ఉంటుందో తెలియదు. ముసలాయన ఎవరికీ చెప్పకుండా ఆ ఆస్పత్రికే వెళ్ళి సోమవారం రమ్మన్నారని కబురు తెచ్చాడు. కొడుకు లారీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో తెలియదు కాబట్టి ఇంట్లో ఏదైనా కోడలి మాట మీదే నడవాలి. కోడలికి ఇది ఇష్టం లేదు.

"దానికేం జబ్బని మామయ్యా? పెద్దదైతే అదే మాట్లాడుతుంది. ఇప్పుడు ఆ గదుల చుట్టూ తిప్పామనుకోండి, రేపు బడిలో అందరూ దాన్ని అదోలా చూస్తారు."

"నాకు నయమైంది గదా" అన్నాడాయన.

కోడలు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఆయన్ని ఎగాదిగా చూసింది. "నయమైందా? మీకా? మొన్న పక్కింటాయన మీ కుర్చీని తనదనుకుని ఎత్తుకుపోతుంటే కళ్ళప్పగించి చూశారు గానీ, అది నాదయ్యా అని ఒక్క మాటన్నారా? నయమైన మనిషి వాలకం ఇదైతే, నయం కాని మనిషి ఎలా ఉంటాడో మరి!"

మంచం కింద నుంచి మనవరాలు కిసుక్కున నవ్వింది.

"తిరిగి తెచ్చిచ్చాడు గదా" అన్నాడు ముసలాయన.

కోడలికీ నవ్వాగలేదు. నవ్వాక కాస్త మెత్తబడింది. "సరే. ఆ ప్రశ్నలు అడిగే అమ్మాయి శనివారం వస్తుందన్నారుగా. మీకు ఆ వైద్యం పనిచేసిందని ఆమెను చెప్పమనండి. సోమవారం నేనే తీసుకెళ్తా. లేదంటే ఇక ఆ ఊసెత్తొద్దు."

శనివారం ఆ అమ్మాయి వచ్చింది. వస్తూనే సగం అల్లిన కుర్చీలో కూర్చోబోయింది. "అందులో కాదమ్మా, పడతావ్" అని ఆయన స్టూలు లాగాడు.

ప్రశ్నలు మొదలయ్యాయి. కొత్తవాళ్ళు ఎదురైతే మీరే ముందు పలకరిస్తారా అని అడిగింది.

"ఎప్పుడన్నా."

వంటింట్లో కోడలు దగ్గింది.

"లేదు" అని దిద్దుకున్నాడు.

"బడికి ఎందాకా వెళ్ళారు?"

"మూడో తరగతి."

"ఎందుకు మానేశారు తాతగారూ?"

"హాజరు పిలిస్తే పలికేవాణ్ణి కాదు. ఎదురుగా కూర్చున్నా రాలేదనే వేసేవాళ్ళు. రానివాడికి బడెందుకని మాన్పించారు."

కోడలు దగ్గలేదు. కాసేపయ్యాక, ఆడుకుంటున్న పిల్లను పిలుచుకొస్తానని వీధిలోకి వెళ్ళింది.

ఆ అమ్మాయి కలం మూసింది. "ఇక మేము రావడం ఉండదు. ఇదే ఆఖరు. అందుకని ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. ఆ రోజుల్లో పిల్లల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే వైద్యం మొదలుపెట్టారు. రెండో గుంపును ఆగమన్నారు. వాళ్ళను అప్పుడప్పుడూ పిలిచి, ఎలా ఉన్నారో చూసి పంపేవాళ్ళు. మీరు ఏ గుంపో మాకెవరికీ చెప్పరు, చెబితే మా రాత ఒకవైపు మొగ్గుతుందని. మీరేమనుకుంటున్నారు, మీది ఏ గుంపు?"

"వైద్యం చేసినదే" అన్నాడు ఆయన. అడిగితే చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నట్టు చెప్పుకుపోయాడు. "పొడుగు వరండా. గోడ వారగా బల్ల. ఒక ఆయా పాత స్వెట్టర్లు విప్పేది. ఆ ఊలు నా రెండు చేతులకీ తొడిగి, తను ఉండ చుట్టుకునేది. నన్నేమీ అడిగేది కాదు. ఒకరోజు ఊలు చిక్కు పడింది. ఆమె చూసుకోలేదు. 'చిక్కు పడింది' అన్నాను. ఇంటి బయట నేనన్న మొదటి మాట. 'అవును గదా' అని విప్పుకుంది. మెచ్చుకోలేదు, ఎవరినీ పిలిచి చూపించలేదు. అదమ్మా వైద్యం."

ఆ అమ్మాయి లేచింది. గడపలో నిలబడి, ఆయనది ఏ గుంపో కనుక్కోవడానికి ఆఫీసుకు ఫోను చేసింది. తిరిగొచ్చి స్టూలు ఆయన దగ్గరగా జరుపుకుంది.

"తాతగారూ, వైద్యం జరిగింది తలుపు లోపల. మీరు బయట ఆగినవాళ్ళలో ఉన్నారు. ఆ ఆయాకు దీంతో సంబంధం లేదు."

ముసలాయన చేతిలోని పేము బద్దను ఒక కన్నంలోంచి దూర్చి ఇవతలికి లాగాడు. మళ్ళీ తీసేశాడు.

"లోపల ఏం చేసేవాళ్ళు?"

"ఒక టీచరమ్మ ఉండేది. తెలిసిన మనిషితో ఆటలు, తర్వాత గుసగుసలు, తర్వాత గొంతెత్తడం. కొద్దికొద్దిగా."

"ఆ పిల్లలకు నయమైందా?"

"అందరికీ కాదు. చాలామందికి అయింది, మీ గుంపుకన్నా ఎంతో ముందు. బడి మానేసినవాళ్ళు వాళ్ళలో తక్కువ."

"మమ్మల్ని పిలవలేదే?"

"మరుసటేడు పిలిచారు. మీరు అప్పుడు దొరకలేదట, పెద్దయ్యాకే దొరికారట."

దొరకడు. ఆ మరుసటేటికే ఆయన్ని కుర్చీల పనిలో పెట్టేశారు.

"లోపలెవరో బయటెవరో ఎవరు తేల్చారు?"

"చీట్లు తీశారు. అది పనిచేస్తుందో లేదో అప్పటికి వాళ్ళకూ తెలియదు."

ఎవరి మీదా కోపం రాలేదు ఆయనకు. వస్తే బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఇన్నేళ్ళూ తన లోపల ఒక మూల, నేను బాగుపడినవాణ్ణి అని ఒక చిన్న దీపం పెట్టుకుని బతికాడు.

"మీ కోడలికి నన్ను చెప్పమంటారా?" అందా అమ్మాయి.

"నే చెప్తా."

ఆమె వెళ్ళింది. కోడలు పిల్లతో వచ్చి, చెప్పులు విప్పకుండానే అడిగింది. "ఏమంది?"

'పనిచేసిందంది' అంటే అయిపోతుంది. ఒక్క ముక్క. జన్మంతా ఆయనకు అలాంటి జవాబులే ఇష్టం. కోడలు నమ్ముతుంది, సోమవారం పిల్ల వెళ్తుంది.

"నాకు వైద్యం చెయ్యలేదట" అన్నాడు.

"చూశారా మరి! చెయ్యకపోయినా మాటలు వచ్చాయిగా. దీనికీ అలాగే వస్తాయి."

"ఆగమ్మాయ్. నన్ను చెప్పనీ." ఆయన గొంతు గట్టిగా రావడంతో పిల్ల కూడా ఆగింది. "మాటలు వచ్చాయి. ఎప్పుడొచ్చాయి? బడి పోయాక. నా జవాబు పక్కవాడు చెబితే మాస్టారు వాణ్ణి కొట్టేవాడు, వాడు నాతో ఆటలు మానేశాడు. నీ మామగారు కాగితం చదివి సంతకం పెట్టాలంటే ఇప్పటికీ కొడుకును వెతుక్కుంటాడు. మీ అత్తయ్య పోయిన రోజున వచ్చినవాళ్ళతో ఒక్క మాట కలపలేకపోయాను. రాయి అనుకున్నారు నన్ను. నయం కాని మనిషి ఎలా ఉంటాడన్నావు చూడు. ఇలా ఉంటాడు. నన్ను చూసి తీసుకెళ్ళమన్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడూ నన్ను చూసే తీసుకెళ్ళమంటున్నా."

ఇంత మాట ఆయన నోట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఆయనకే ఆయాసం వచ్చింది. కోడలు మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఆయన తాగేదాకా నిలబడింది.

"సోమవారం ఎన్నింటికి రమ్మన్నారు?" అంది.

సోమవారం వరండా అదే. బల్ల మారింది. తలుపు దగ్గర పిల్ల తాత వేలు పట్టుకుని కదల్లేదు. తల్లి వెనక నుంచి ఎంత నెట్టినా లాభం లేకపోయింది. లోపలి టీచరమ్మ పిల్లను ఏమీ అనకుండా ఆయన్ని చూసి, "మీరూ రండి" అంది.

ఆయన ఒకసారి బల్ల వైపు చూసి, గడప దాటాడు. లోపల పిల్లల కుర్చీలు. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. కోడలు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీచరమ్మ కాగితమూ రంగులూ ముందు పరిచి, పిల్లను కాక ఆయన్ని అడిగింది. "మీ పేరేంటండీ?"

ఆయన చెప్పాడు. హాజరు పిలిచినప్పుడు చివరి వరుసలోంచి పలికినట్టు చెప్పాడు. వరండాలో వాళ్ళు కూడా తలతిప్పి చూశారు.

మనవరాలు ఆయన మోచెయ్యి గిల్లింది.

"తాతా, అరవకు" అంది గుసగుసగా.

టీచరమ్మ వినే ఉంటుంది. తలెత్తలేదు. పచ్చరంగు కొంచెం పిల్ల వైపు జరిపింది.