కుడిచేతిలో రబ్బరు బాతు

మా ఆపరేషన్ థియేటర్‌లో ఆయన్ని అందరూ సైలెన్స్ సార్ అనేవారు. మత్తు డాక్టరు. కత్తెర కింద పడినా కళ్లెర్రజేసేవాడు. ఇవాళ ఆయనే బల్లమీద పడుకుని ఉన్నాడు.

మెడలో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయింది. దాన్ని కోసి శుభ్రం చేసినంతసేపూ అటునుంచి మెదడుకు రక్తం ఆపాలి. మిగతా నాళాలు ఆ లోటు తీరుస్తున్నాయో లేదో చూసి చెప్పడం నా పని. నుదుటికి అటొకటి ఇటొకటి పట్టీలు అంటిస్తాను. మెదడులో ఆక్సిజన్ ఎంతుందో యంత్రం అంకెల్లో చూపిస్తుంది. పడిపోతే అలారం కొడుతుంది. రోగికి మెడ మాత్రమే మొద్దుబారుస్తారు. మెలకువగా ఉన్న మనిషి కుడిచేతిలో, నొక్కితే కీచుమనే రబ్బరు బాతు పెడతాం. నొక్కమన్నప్పుడు నొక్కితే, ఆ చేతిని నడిపే ఎడమ మెదడు బాగున్నట్టే. ఎంత పెద్ద చదువులకైనా చివరికి పిల్లల బొమ్మే దిక్కు.

ఆరేళ్ల కిందట మా ఆవిడ గుండె ఆపరేషన్‌కి మత్తిచ్చింది ఈయనే. సొంతవాళ్ల కేసులో ఉండకూడదని నన్ను బయట కూర్చోబెట్టారు. లోపల అలారం మోగితే, "పట్టీ ఊడుంటుంది, ఆ గోలేంటి" అంటూ తనే మీట నొక్కాడట. ఒకసారి నొక్కితే యంత్రం రెండు నిమిషాలు నోరు మూసుకుంటుంది. తొమ్మిదిసార్లు నొక్కాడు. ఇది ఎవరో మోసిన చాడీ కాదు; యంత్రంలోంచి నేనే తీసిన కాగితం చెప్పిన మాట. విచారణ చేసినవాళ్లు అది చూసి కూడా ఎవరి తప్పూ లేదని తేల్చారు. ఆవిడ మూడురోజులు కళ్లు తెరవకుండానే వెళ్లిపోయింది. ఆ మూడురోజుల్లో ఎవరో నర్సు ఆవిడ చల్లటి పాదాలకు తన సొంత మేజోళ్లు తొడిగింది. లోకంమీద నాకు మిగిలిన నమ్మకమంతా ఆ మేజోళ్ల పుణ్యమే.

"నీకు ఇబ్బందైతే వేరేవాళ్లని వేస్తాను తమ్ముడూ," అంది పొద్దున హెడ్ నర్సు.

"వద్దక్కా. నేనే చేస్తా."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "నువ్వూ ఉప్పూకారం తినే మనిషివేగా. జాగ్రత్త."

నా లెక్క నాకుంది. మీట ఒక్కసారి నొక్కుతాను. బాతును నొక్కమని అడగను. రెండంటే రెండు నిమిషాలు. ఎవరైనా నిలదీస్తే, పట్టీ ఊడిందనుకున్నానంటాను. ఆయన నేర్పిన మాటే.

బల్లమీద ఆయన నుదురు చెమటతో తడిగా ఉంది. తుడిచి పట్టీలు అంటించాను.

"ఏమోయ్, ఇంట్లో అంతా కులాసానా?" అన్నాడు. నన్ను గుర్తుపట్టాడు, మా ఆవిడనే మరిచిపోయాడు.

"ఇంట్లో నేనొక్కణ్నే సార్. నొక్కండి."

కీచ్.

"ఈ వయసులో నాకిదేం ఆటయ్యా!"

"మళ్లీ."

కీచ్. ఎవరో కిసుక్కుమన్నారు. నాకు హాయిగా ఉంది, దాచడమెందుకు?

సర్జన్ రక్తం ఆగేలా నాళానికి క్లాంప్ బిగించాడు. యంత్రంలో ఎడమవైపు అంకె అరవై ఎనిమిది. అరవై. యాభై రెండు. అలారం మోగింది. నా వేలు మీటమీదికి వెళ్లింది.

గుడ్డకింద ఆయన ముఖం నాకొక్కడికే కనిపిస్తోంది. ఆ మోతకు అర్థమేమిటో ఆయనకు చెప్పనక్కర్లేదు. అడక్కుండానే బాతు కీచుమంది. మళ్లీ ఒకసారి, సగమే.

"ఆప... ఆపొద్దు," అన్నాడు. నాలుక మడతపడుతోంది. "మోగనీ..."

ఆరేళ్లుగా నేను వినాలనుకున్నది ఈ మాటేనని అప్పుడు తెలిసింది. వేలు తీసేశాను.

"ఎడమవైపు నలభై ఏడు! చెయ్యి సడలుతోంది!" అని అరిచాను.

సర్జన్ సన్నటి గొట్టం దూర్చి రక్తానికి పక్కదారి ఇచ్చాడు. యాభై ఐదు. అరవై మూడు. "నొక్కండి," అన్నాను. బాతు గట్టిగా పలికింది.

అప్పుడు అలారం హద్దును అరవై రెండుకు పెంచాను. కాస్త తగ్గినా మోగుతుంది. జాగ్రత్త ఎక్కువైందని ఎవరూ తప్పుపట్టరు. నలభై నిమిషాల్లో మరో పదకొండుసార్లు మోగింది. మోగినప్పుడల్లా ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నేను ఒక్కసారీ ఆపలేదు.

మర్నాడు గదికి వెళితే పాలు తాగుతున్నాడు, కుడిచేత్తోనే. మంచంమీద రెండు కాగితాలు పరిచాను.

"ఇది మీది సార్. పన్నెండుసార్లు మోగింది. ఇది ఆరేళ్ల కిందటిది. తొమ్మిదిసార్లు ఆపారు; ఆపినప్పుడల్లా టైము పడింది, చూడండి."

గీత వెంట వేలు నడిపాడు. చదవడం వచ్చినవాడే. వేలు ఒకచోట ఆగిపోయింది.

"ఎవరిది?"

"మా ఆవిడది. పట్టీ ఊడిందన్నారు మీరు."

గ్లాసు పక్కన పెట్టాడు. "మరి నిన్న నువ్వు..."

"ఆపుదామనే వచ్చాను సార్."

ఆయన నోరు తెరిచాడు. ఏమంటాడో వినాలనిపించలేదు. కాగితాలు ఎగిరిపోకుండా వాటిమీద బాతును పెట్టాను. ఆయన పాదాలు బయటికొచ్చి ఉంటే దుప్పటి సర్దాను. నర్సు గుమ్మంలోనే ఉంది. ఆయనకు ఏ లోటూ రాదు.

నడవలో సగందూరం వచ్చేసరికి వెనక బాతు కీచుమంది. కాసేపాగి మళ్లీ. నేను తిరిగి చూడలేదు. లెక్కపెట్టుకుంటూ నడిచాను.