ముప్పై ఎనిమిది రౌండ్లు

కారు పందేల్లో ఇకనుంచి ప్రతి కారూ రెండుసార్లు టైర్లు మార్చి తీరాలని కొత్త రూలు వచ్చిన రోజున టైరమ్మ కొట్లో పంక్చర్ల పని ఆగిపోయింది. ఆగక ఏం చేస్తుంది? పానా చేతపట్టి ఆమె తిట్లు లంకించుకుంటే, బండి తెచ్చినవాళ్లు బండి సంగతే మర్చిపోయి ఆమెతో గొంతు కలిపారు.

ఆమె కోపమంతా ముసలాయన కోసం. ఆయనకు నలభై రెండేళ్లే; కుర్రకారు మధ్య పందెం తోలుతాడు కాబట్టి అభిమానులు పెట్టుకున్న ముద్దుపేరది. మిగతావాళ్లు మలుపు మలుపుకీ టైర్లు అరగదీసి, మార్చుకోవడానికి ఆగుతుంటే, ఆయన ఒక్క సెట్టుతోనే చివరిదాకా లాక్కొచ్చి గెలిచేవాడు. పాతికేళ్లుగా అరిగిన టైర్లు తడిమి బతికిన మనిషికి ఆ ఓపిక విలువ తెలుసు. ఆ విద్యనే ఆయన చేతుల్లోంచి లాక్కుంటున్నారని ఆమెకు ఒళ్లు మండింది.

అభిమానుల అభిప్రాయాలు వింటామని నిర్వాహకులు మీటింగు పెట్టారు. ముసలాయన అభిమాన సంఘానికి అధ్యక్షుడు ఆమె మరిది.

"వదినా, నీకు దణ్ణం పెడతా, అక్కడ నోరు తెరవకు. మనకి ముందు వరసలో సీట్లిస్తామన్నారు."

"సీట్లిచ్చి కళ్లు మూసుకు కూర్చోమన్నారా?" అందామె.

హాల్లో అధికారి ఒక టైరును బల్ల మీద పెట్టించాడు. "పోయిన ముప్పై రౌండ్ల పందెంలో మీ ముసలాయన చివరిదాకా తిప్పిన టైరిది. అంచు ఎలా చీలిందో చూడండి. ఇంకో రౌండు తిరిగితే పేలిపోయేది. ఈ రూలు డ్రైవర్ల ప్రాణాల కోసమే."

ప్రాణాలనేసరికి హాలంతా చల్లబడింది. మరిది చప్పట్లకు సిద్ధమయ్యాడు. టైరమ్మ మాత్రం ఎవరూ పిలవకుండానే వేదికెక్కి, టైరు లోపలికంటా చెయ్యి పెట్టి తడిమింది.

"సార్, ఇది రోడ్డు మీద పడ్డ చీలిక కాదు. రిమ్ము నుంచి ఊడదీసేటప్పుడు ఇనప పట్టీ జారితే పడిన చీలిక. పని నేర్చుకునే రోజుల్లో ఇలాంటివి నేనూ చీల్చి మా మామగారితో చీవాట్లు తిన్నాను. పరుగులో చీలితే లోపలి దారాలు మాడిపోతాయి. ఇవి కోసినట్టు శుభ్రంగా ఉన్నాయి. ఈ టైరు ఇంకో పది రౌండ్లు తిరుగుద్ది."

హాలు హోరెత్తింది. అధికారి మొహం మాడ్చుకున్నాడు. "రూలు అచ్చయిపోయిందమ్మా. అయినా ఎవరూ ఆగకపోతే పందెం చప్పగా ఉందని టీవీవాళ్లు..."

"అదీ, అలా చెప్పండి!" అందామె. సీట్లు పోయాయి. మరిది ఆమెతో మాటలు మానేశాడు.

మర్నాడు పొద్దున్నే ముసలాయన ఆ టైరు పట్టుకుని స్వయంగా ఆమె కొట్టు దగ్గరికి వచ్చాడు. టైరమ్మ పానా కింద పెట్టి, స్టూలు తుడిచి ఆయన ముందుకు జరిపింది.

"రెండుసార్లు మార్చమన్నారు గానీ, ఎప్పుడు మార్చాలో రాయలేదమ్మా," అన్నాడాయన. "ఈసారి పందెం నలభై రౌండ్లు. మొదటి రౌండులో ఒకసారి, రెండో రౌండులో ఒకసారి మార్చేస్తాను. మిగతా ముప్పై ఎనిమిదీ ఒకే సెట్టు మీద. పేలుద్దని మా టీమువాళ్ల భయం. మీరేమంటారు?"

హాల్లో నోరు చేసుకోవడం వేరు, ఒక మనిషి ఆ మాట నమ్మి కార్లో కూర్చోవడం వేరు. ఆమె అరగంటసేపు టైరును అంగుళం అంగుళం తడిమి చూసింది.

"తిరుగుద్ది సార్. కానీ ఒక్కసారి బ్రేకు అదిమి తొక్కారా, నా మాట చెల్లదు."

"తొక్కను," అన్నాడాయన.

పందెం రోజున సంఘమంతా ఎర్రటి ఎండలో చివరి వరసలో నిలబడింది. మొదటి రౌండుకే ఆయన ఆగితే జనం నవ్వారు. రెండో రౌండుకీ ఆగితే విషయం అర్థమై ఈలలు వేశారు. అందరికంటే వెనకబడ్డవాడు, మిగతావాళ్లు ఆగినప్పుడల్లా ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చాడు. ఆ టైర్ల మీద ముప్పై రౌండ్లు దాటాక జనం గొంతెత్తి లెక్కపెట్టసాగారు. టైరమ్మ మాత్రం లెక్కపెట్టలేదు. నోరు ఊరుకోక ఒక మనిషిని చంపుకుంటున్నానా అనుకుంటూ ఆ చక్రాల మీంచి చూపు తిప్పలేదు. ముప్పై ఏడు అని అరిచారు. ముప్పై ఎనిమిది అని అరిచారు. నాలుగు టైర్లూ నిక్షేపంగా గీత దాటాయి. ముసలాయనది రెండో స్థానం.

టైరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చేసింది.

గేటు దగ్గర అధికారి ఎదురుపడ్డాడు. "ఏమ్మా, ఓడిపోయాడుగా మీ ముసలాయన? వచ్చే పందేనికి రూలు ఇంకా బిగిస్తున్నాం. మొదటి పది రౌండ్లలో మార్చడం కుదరదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఓడాడు సార్. టైరు పేల్లేదు. మరి ఈ బిగించేది ఎవరి ప్రాణాల కోసం?"

అధికారి పక్కనుంచి తప్పుకుపోబోయాడు. వారం రోజులుగా ఆమెతో మాట్లాడని మరిది వచ్చి అతనికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా వదిన అడుగుతోంది. చెప్పి వెళ్లండి సార్," అన్నాడు.