చేప కన్ను మీద బొటనవేలు

నిమ్మచెక్క వాసన. తడి ఇత్తడి వాసన.

అల్లుడు తోముతున్నాడు.

మామగారి గాలపు కర్ర అది. వెదురు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరేచోట ఇత్తడి తొడుగులు, పొన్నులు... నాలుగు. అరవై ఏళ్లవి. కొన్నేళ్లుగా తోమని నలుపు. వాటి పక్కన పెడితే బొగ్గు తెల్లతోలు పిల్ల.

పెళ్లై ఏడాది. అత్తారింటికి ఎప్పుడొచ్చినా కుర్చీ వేస్తారు, ఫ్యాను వేస్తారు. పని మాత్రం చెప్పరు. తాగిన గ్లాసు తీయబోతే ముగ్గురు పరిగెత్తుకొస్తారు. కూర్చుని కూర్చుని మొలకెత్తేలా ఉన్నాడు.

ఈ ఇంటి పని ఒక్కటి... తన చేత్తో.

అంతే అతనికి కావాల్సింది.

మామగారు అలా బజారుకెళ్లారు. సందు దొరికింది.

తోమాడు. నిమ్మచెక్కతో తోమాడు. బూడిదతో తోమాడు. నలుపు పోయినా ఆశ పోలేదు — గరుకు కాగితంతో తోమాడు. ఆ మెరుపుకి పక్కింటివాళ్లు మళ్లీ తెల్లారిందనుకుని ఇంకోసారి పళ్లు తోముకున్నారు.

భార్య వచ్చింది. కర్ర తిప్పి చూసింది. మళ్లీ తిప్పింది.

"చేపేది?"

"ఏ చేప?"

ప్రతి పొన్ను మీదా ఒక చేప ఉండేదట. బియ్యపుగింజంత. తోక విరిగిన చేప. కర్ర చేసిన మనిషి ముద్ర — మామగారి నాన్న. ఆయన ఫొటో లేదు. ఉత్తరం ముక్క లేదు. ఆయన సంతకమంటూ ఈ చేపే మిగిలిందట.

మొదటి పొన్ను... నున్నగా.

రెండోది... ఇంకా నున్నగా.

మూడోదాంట్లో అతని మొహమే కనపడింది, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుచుకుని.

నాలుగోదాని మీద... ఒక కన్ను.

"పిల్లి అయినా ముల్లు వదిలేస్తుంది," అందామె.

మామగారొచ్చారు. అల్లుడు క్షమాపణ ఎనిమిది రకాలుగా చెప్పుకున్నాడు. ఆయన వినలేదు. చూడనూ లేదు. కర్ర అందుకుని బొటనవేలు నడిపించారు. వేలు వెతికింది. జారింది. వెతికింది. జారింది...

నాలుగో పొన్ను దగ్గర ఆగింది.

చాలాసేపు.

గోడగడియారం మొహమాటంతో చప్పుడు తగ్గించుకుంది.

"ముద్ర మీద వేలు పెట్టుకుని చుట్టూ తోమాలి," అన్నారు మెల్లగా. "మా నాన్న నాకు ముందు నేర్పింది అదే. నీకు మేమెవరం చెప్పాం? ఒక్క పనైనా ముట్టనిచ్చామా? తప్పు మాదేరా."

వచ్చి అతని పక్కనే నేలమీద చతికిలబడ్డారు. కర్ర ఇద్దరి ఒళ్లోనూ పెట్టారు. కన్ను మీద తన బొటనవేలు ఆనించారు.

"ఊఁ. ఇప్పుడు తోము. నెమ్మది."

అల్లుడి చెయ్యి కదిలింది — ఆ గోరు చుట్టూ, ఆ ముడతల చుట్టూ, నిద్రపోయే పిల్లాడి చుట్టూ నడిచినట్టు.

వేలి కింద కన్ను ఉందో... జారిపోయిందో...

ఎత్తి చూద్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

నిమ్మచెక్క వాసన. తడి ఇత్తడి వాసన.

నాలుగు చేతులకీ.