బొట్టుబిళ్ల కింద దీపం

నేను ఒక నసగాణ్ని. సరదాకి నస పెట్టడం లేదు, నన్ను చేసిందే అందుకు. కారు చక్రానికి గాలి కొట్టే మూతి ఉంటుంది చూడండి, దాని అడుగున, టైరు లోపల, అగ్గిపెట్టెలో సగమంత ఉంటాను. సెన్సార్ అంటారు నన్ను. లోపల గాలి ఎంతుందో చూసి, చక్రం తిరిగినంతసేపూ కారుకు చెబుతూనే ఉంటాను. గాలి తగ్గిందని నేను చెప్పగానే కారు డ్రైవరు ఎదుట ఒక పసుప్పచ్చ దీపం వెలిగిస్తుంది. ఆ దీపం చూసి మనిషి బండి ఆపాలి. నా పని నేను చేస్తాను, కారు పని కారు చేస్తుంది. మనిషి పని దగ్గరికి వచ్చేసరికే వస్తుంది చిక్కంతా.

ఫ్యాక్టరీలో నా కడుపులో ఒక చిన్న బ్యాటరీ పెట్టి, మీద జిగురు పోసి మూసేశారు. అది అయిపోతే మార్చే వీలు లేదు. అంటే నేను చెప్పే ప్రతి మాటా నా ఆయుష్షులోంచి తీసి చెబుతున్నదే. అలాంటి మాట పెడచెవిన పెడితే ఒళ్లు మండదా చెప్పండి!

నా మొదటి యజమాని షూస్టర్ అనే ముసలాయన. జర్మనీలో కొండల పక్క ఊళ్లో పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇక్కడ చలికాలం వస్తే మనుషులు స్వెట్టర్లు తీసినట్టు కార్లకు చక్రాలు మారుస్తారు. మామూలు టైరు చలికి బిగుసుకుపోయి మంచు మీద జారుతుంది. అందుకని మెత్తటి రబ్బరు టైర్లున్న చక్రాలు ఇంకో నాలుగు కొని పెట్టుకుంటారు. నేనూ నా ముగ్గురు తోటివాళ్లమూ ఆ చలికాలపు చక్రాల్లో ఉండేవాళ్లం. వేసవంతా నేలమాళిగలో నిద్ర, మంచు పడే రోజుల్లో డ్యూటీ. దీపం వెలిగిందో లేదో షూస్టర్ బండి పక్కకి తీసి, టోపీ పెట్టుకుని దిగి, గాలి కొట్టించేవాడు. అంత బుద్ధిగా వినే మనిషి మళ్లీ నాకు దొరకలేదు. కానీ ఏం లాభం, నా ప్రెషరు అంత శ్రద్ధగా చూసుకున్న మనిషి తన ప్రెషరు చూసుకోలేదు. డాక్టరు ఇచ్చిన బీపీ మాత్రలు సొరుగులోనే ఉండిపోయాయట. ఒక వేసవిలో, మేం నిద్రలో ఉండగానే, ఆయన పోయాడు.

కూతురు వచ్చి కారును ఒకరికి, మమ్మల్ని ఇంకొకరికి అమ్మేసింది. ఆ ఇంకొకరు వీరభద్రం.

వీరభద్రానిది పాల్వంచ. అక్కడ మెయిన్ రోడ్డు మీద టైర్ల పంక్చరు షాపు ఉండేది. భార్య ఝాన్సీ నర్సు. ఇక్కడి ఆస్పత్రివాళ్లు రమ్మంటే వచ్చింది, కానీ ఒక మెలిక ఉంది. ఇక్కడి పరీక్ష పాసయ్యేదాకా ఆమెను నర్సు అనరు, రోగులకు స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం వరకే ఆమె పని. మొదటిసారి తప్పింది. రెండోసారి రాయనిస్తారు, మూడోసారి లేదు. తప్పితే ఉద్యోగం, వీసా రెండూ పోతాయి. ఆమె కోసం షాపు మూసుకుని వచ్చిన వీరభద్రం ఫర్నిచర్ గోడౌన్‌లో పెట్టెలు విప్పే పనిలో కుదిరాడు.

మమ్మల్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే కారుకు బిగించుకున్నాడు. ఈ దేశం వచ్చాక అతని చేతులు తమకు తెలిసిన పని చెయ్యడం అదే మొదటిసారి అనుకుంటాను, ఈల వేస్తూ బోల్టులు బిగించాడు. ఆపైన నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి బండి ముందుకు తీశాడు. ఎదురింటామె కిటికీలోంచి ఈ తతంగం చూసి గబుక్కున పరదా వేసుకుంది. నాకు మాత్రం ఆ మర్యాద నచ్చింది. నాకు ఎవరైనా పూజ చెయ్యడం అదే మొదలు, అదే ఆఖరు.

కొంత దూరం తిరిగాక కారు మమ్మల్ని గుర్తుపట్టింది. ముగ్గురినే. వెనక ఎడమవైపు వాడు పలకలేదు. నేలమాళిగలోనే వాడి బ్యాటరీ అయిపోయి ఉంటుంది పాపం. నాలుగోవాడు ఏడీ అని కారు దీపం వెలిగించింది, ఇక ఆర్పలేదు. దరిద్రం ఏమిటంటే ఆ కారుకు ఉన్నది ఒకటే దీపం. చచ్చినవాడి కోసమూ అదే, బతికున్నవాడి కేకకూ అదే.

లోపలి మాటలు చక్రంలో ఉన్నవాడికి ఎలా తెలుసని అడగకండి. మోసేవాడికి అన్నీ తెలుస్తాయి.

"బావా, ఈ లైటేంది, ఎప్పుడు చూసినా వెలుగుతనే ఉంటది?" అంది ఝాన్సీ ఒకరోజు. వీరభద్రం ఆమెకు సొంత మేనత్త కొడుకు.

"సెన్సరేదో చచ్చిందంట. టైర్లు మంచిగనే ఉన్నయి. పుట్టిన కాడ్నుంచి టైర్లు చూస్తున్న, నాకు లైటు చెప్పాల్నా?"

"ఏమో, కండ్లల్ల పొడుస్తుంది."

అంటూనే నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి, స్టీరింగు సందులోంచి చెయ్యి పెట్టి, సరిగ్గా దీపం మీద అంటించింది. స్నానాల గది అద్దానికి అంటించినంత అలవాటుగా.

"కారుక్కూడా బొట్టు పెట్టినవా? ఇంక పేరంటానికి తీస్కపో," అన్నాడతను. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్లు నవ్వడం నేను విన్నది చాలా తక్కువ, అందుకని అప్పుడు నాకు కోపం రాలేదు.

పరీక్ష ముందురోజు గోడౌన్ వాకిట్లో ఒక మర మేకు నా టైరులో దిగింది. ముందు కుడివైపు చక్రం నాది. గాలి ఒక్కసారిగా పోలేదు, సన్నగా కారడం మొదలుపెట్టింది. నేను చెప్పాను. కారు విన్నది. దీపం వెలగాలి, అది ఎప్పట్నుంచో వెలుగుతూనే ఉంది.

తెల్లారకముందే బయల్దేరారు. పరీక్ష ఇంకో పట్నంలోని ఆస్పత్రిలో, రోగి మంచం దగ్గరే. బయట మంచు మెత్తగా, ఆగకుండా పడుతోంది. ఝాన్సీ దారి పొడుగునా జర్మన్‌లో పాఠం అప్పజెప్పుకుంటోంది. నమస్కారమండీ, నా పేరు ఝాన్సీ, ఇవాళ మిమ్మల్ని చూసుకునేది నేనే, నొప్పి ఎక్కడుంది. మధ్యలో ఆపి తెలుగులోకి వచ్చింది.

"పోయినసారి పేషెంటు కాడ మిషను మోగితే నేను ముందు మోత బంద్ చేసిన. తర్వాత మనిషిని చూసిన. అందుకే తప్పించిర్రు బావా. ఈసారి ముందు మనిషిని చూస్త. మోగుతె మోగనీ."

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. అమ్మా తల్లీ, ఇక్కడ నేను మోగుతున్నానే! గొంతు చించుకుంటున్నానే! చక్రం తిరిగిన ప్రతిసారీ ఉన్న కాస్త ఊపిరినీ ఖర్చు చేసి అరిచాను. నా పక్షాన ఆ బొట్టుబిళ్ల కింద దీపం కూడా వెలుగుతూనే ఉంది.

"బండి కుడిపక్కకి గుంజుతున్నట్టుంది," అంది ఆమె.

"మంచు గదా. మెల్లగనే పోతున్న."

అయినా మనసు ఒప్పక పెట్రోలు బంకు దగ్గర ఆపి దిగాడు. పక్కనే గాలి మిషను ఉంది. దానివైపు చూడనైనా చూడలేదు. నాలుగు టైర్లనూ వరసగా కాలితో తన్నాడు. పాల్వంచలో లారీ టైరును ఒక్క తన్ను తన్ని, మోతను బట్టి గాలి ఎంతుందో చెప్పేవాడట. అక్కడ అతని కాలికి చెప్పులు ఉండేవి. ఇక్కడ బూటు మందం, టైరుకు పట్టిన మంచు అంతకంటే మందం. ఏది తన్నినా ఒకటే మోత.

"మంచిగనే ఉన్నయి," అన్నాడు ఎక్కుతూ. "నువ్వు చదువుకో పిల్లా, నేనున్న గదా."

పెద్ద రోడ్డు ఎక్కాక ఎంతో దూరం పోలేదు. నా మీద టైరు చతికిలబడింది, ఇనుప చక్రం దాన్ని నలిపి చీల్చింది, పీలికలు రోడ్డంతా పడ్డాయి. వీరభద్రం ఎలాగో అంచుకు తెచ్చి ఆపాడు. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. తిరగడం ఆగిపోయింది కాబట్టి నేనూ నోరు మూసుకున్నాను.

అతను డిక్కీ తెరిచాడు. ఆ కారుకు స్టెప్నీ ఉండదనీ, చిన్న బెజ్జం పూడ్చే నురగ డబ్బా ఒక్కటే ఇస్తారనీ అతనికి తెలుసు. అయినా తెరిచి, లోపల అంతా తడిమి చూశాడు. పాల్వంచ రోడ్డు మీద ఎందరి బళ్లకో చక్రం మార్చిన మనిషి ఒట్టి చేతులతో నిలబడ్డాడు. సాయం బండికి ఫోను చేస్తే, మంచు వల్ల ఆలస్యం అన్నారు. రోడ్డు మీద చెయ్యెత్తితే ఎవరూ ఆపలేదు.

ఝాన్సీ పరీక్ష ఆఫీసుకు ఫోను చేసింది. తడబడకుండా, ఒక్క తప్పు లేకుండా జర్మన్‌లో మాట్లాడింది. ఆ మాటలకే మార్కులు వేసినా పాసయ్యేది. అవతలి గొంతు మర్యాదగానే జవాబు చెప్పింది. బండి చెడిపోవడం కారణం కింద రాదు, రానివాళ్లను తప్పినట్టే రాసుకుంటాం, మీ ప్రయాణం క్షేమంగా సాగాలి. ఆమె థాంక్స్ చెప్పి పెట్టేసింది.

చాలాసేపటికి వీరభద్రం గోటితో బొట్టుబిళ్ల గీకేశాడు. కింద దీపం పసుప్పచ్చగా వెలుగుతోంది.

"ఇది ఎప్పుడు వెలిగింది?"

"ఎప్పుడూ వెలుగుతనే ఉంది గద బావా."

నిజమే మరి. తప్పంతా ఆ బొట్టుబిళ్ల మీదికి తోసేద్దామంటే న్యాయంగా ఉండదు. అది లేకపోయినా వాళ్లకు కనబడేది రోజూ కనబడే దీపమే. నాకు మహా కడుపు మండిపోయింది గానీ, ఎవరి మీద మండాలో మాత్రం తేలలేదు.

దేశం విడిచి పొమ్మని కాగితం వచ్చాక వీరభద్రం మా చక్రాలను పాత ఇనుము యార్డుకు తెచ్చాడు. ఝాన్సీ కూడా వచ్చింది. యార్డు మనిషి రిమ్ము మీద మిగిలిన టైరు ముక్క కోసి, నన్ను పీకి బల్ల మీదికి విసిరాడు. ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది.

"ఇంత చిన్నదా?" అంది.

వీరభద్రం ఆ మాట విననట్టే మిగతా చక్రాలు బల్ల పక్కకి దొర్లించాడు. "ఊరికి పోయినంక షాపు మళ్ల తెరుస్త," అన్నాడు. "నువ్వు గూడ ఏదన్న ఆస్పత్రిల చేరుదువు. అక్కడ నిన్ను నర్సు అనే అంటరు గదా."

"అంటరు. ఎందుకు తిరిగొచ్చినవని గూడ అడుగుతరు. దానికి జర్మన్‌ల జవాబొస్తది బావా నాకు. తెలుగుల వస్తలేదు."

రోగి నాడి చూసినట్టు ఆమె నన్ను రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఉంది. ఆ కదలికకు నాకు మెలకువ వచ్చింది. గాలి సున్నా. గాలితో పాటు వేడి ఎంతుందో చెప్పడం కూడా నా పనే. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. అది కూడా చెప్పాను, వినే కారు అక్కడ లేకపోయినా. ఆమె నన్ను మిగతా తుక్కులో పడేసి, కొంగుకు బదులు కోటుకు చెయ్యి తుడుచుకుని, అతని వెనకే వెళ్లిపోయింది.