కొండ దిగిన జీలుగు కల్లు

నేను ఒక ఆనపబుర్రను. మా గెడ్డ పొంగి కర్రవంతెనను ఎత్తుకుపోయిన ఏడు కొర్రా డొంబు ఇంటి కప్పు మీద కాశాను. వాళ్లమ్మ నన్ను ఎండబెట్టి, గులకరాళ్లు పోసి ఆడించి, గింజలన్నీ కక్కించింది. పొయ్యి మీద పొగ పట్టించింది. లేతగా ఉన్నప్పుడే కంటపడితే కూరైపోయేదాన్ని. అప్పటి నుంచీ తాటిలాంటి జీలుగు చెట్టు నుంచి దించిన కల్లు మోస్తున్నాను.

మా కొండ మీద ఎండ కూడా మంచును అడిగి వస్తుంది. ఆ చలికీ తేమకీ కల్లు తొందరపడదు. పొద్దున దించింది పొద్దువాలేదాకా తియ్యగానే ఉంటుంది. మనుషులూ అంతే. సంతలో మొంగ్లిని చూసిన డొంబు, రెండు వానాకాలాలు గడిచాకగాని ఇంట్లో నోరు విప్పలేదు.

పిల్లనడగడానికి కల్లుతో వెళ్లాలి. పిల్ల తండ్రి తాగితే సంబంధం ఖాయం. నేలమీద పారబోస్తే వచ్చిన దారినే పోవాలి. డొంబు, వాళ్ల పెదనాన్న బుద్దు నన్ను నిండా నింపి, ఎప్పటిలాగే ఆకులు కుక్కి మూతి బిగించి కొండ దిగారు. కింద ఎండ మండిపోతోంది. నా కడుపులో కల్లు బుసబుసలాడింది. చెబుదామంటే ఉన్నది ఒక్క నోరు, అదీ కట్టేశారు.

మొంగ్లి తండ్రి లచ్చన్న ముందు బుద్దు ఆకు కదిపాడో లేదో, ఠప్పున పేలాను. లచ్చన్న తలపాగా, మీసాలు నురగలో మునిగాయి.

"పిల్లనడగడానికొచ్చారేటి, నాకు తానం సేయించడానికొచ్చారేటి?" అన్నాడాయన. మీసం నాకి మొహం చిట్లించాడు. "పులిసి సచ్చింది!"

"నాకావు కదా బావా, తాగినట్టే!" అన్నాడు బుద్దు.

"నాకితే తాగినట్టేటి? ఈ పులుపింటికి పిల్లనిత్తానేటి?" అని పారబోయడానికి నన్ను ఎత్తాడు.

గుమ్మంలోంచి మొంగ్లి అంది: "ఒంపీకయ్యా. కొండ కల్లు కొండమీదే తాగాల. ఇంత ఎండలో నడిత్తే నువ్వు మాత్తరం పులిసిపోవేటి?"

బుద్దు పగలబడి నవ్వాడు. డొంబు "రా మావా" అన్నాడు. వాడికి అదే పెద్ద ప్రసంగం.

లచ్చన్న గొణుక్కుంటూనే బయలుదేరాడు. నాలోని పులుపునంతా బుద్దు దారిలోనే తాగి ఖాళీ చేశాడు. పై మలుపులో మంచు మెడకు చుట్టుకోగానే లచ్చన్న గొణుగుడు తగ్గింది. సన్నటి జల్లులో గొంగడి కప్పుకుని జీలుగు చెట్టుకింద కూర్చున్నాడు. డొంబు చెట్టెక్కి అప్పుడే దించిన కల్లు నాలోకి వంపి, ఆకుదొన్నెలో పోశాడు. ఆయన తాగాడు. మళ్లీ మీసం నాకాడు, ఈసారి మొహం చిట్లించలేదు.

"ఇంకో దొన్నె పొయ్యి, అల్లుడా."

మర్నాడు పొద్దున్నే డొంబు చెట్టెక్కడం మాని, గుడిసె పక్కన మొంగ్లితో కాపురానికి కొత్త గది గోడకు మట్టి తొక్కాడు.